నెలకోసారి నోరు చూసుకునే పద్ధతి: వక్కాకు, ఖైనీ, బీడీ అలవాటున్న ఇళ్ల కోసం

వక్కాకు ఏ పక్కన అదుముకుంటారో ఆ పక్కే ముందు చూడాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే నోటి పరీక్షలో సగం పని అయినట్టే. మన దేశంలో నోటి క్యాన్సర్ చాలామందికి బుగ్గ లోపలి పొరకూ కింది చిగురుకూ మధ్య ఉండే సందులో మొదలవుతుంది. ఖైనీ చిటికెడు పెట్టేదీ, వక్కాకు ముద్ద దాచుకునేదీ ఆ సందులోనే. చెనిక్కాయలు పెరికేటప్పుడు, మామిడి కాయలు కోసేటప్పుడు, రాత్రంతా లారీ నడిపేటప్పుడు చేతులు పనిలో ఉన్నా అది అక్కడ ఊరుతూనే ఉంటుంది. రోజుకు ఏడెనిమిది సార్లు, ఒక్కోసారి అరగంట, అలా ఇరవై ఏళ్లు. సున్నం ఆ మెత్తటి పొరను కొరుకుతుంది, నికోటిన్ ఒంట్లోకి తొందరగా ఎక్కేలా చేస్తుంది. పొగాకులోని నైట్రోసమైన్లు అనే విషాలు ఆ కొరికిన చోటే ఇంకుతాయి.

బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లు నాలుక పక్క అంచులు, నాలుక కింద, అంగిలి, గొంతు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. ఉత్తరాంధ్రలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటుంది. వాళ్లకు ఆ జబ్బు ఎక్కువగా అంగిలి మీదే వస్తుంది. సెగ, రసం ఎక్కడ తగిలితే దెబ్బ అక్కడ. మందు తాగే అలవాటు కూడా ఉంటే ముప్పు కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది.

ఇక్కడ జనాన్ని మోసం చేసేది నొప్పి లేకపోవడం. మొదటి దశలో తెల్లమచ్చ నొప్పి పెట్టదు, ఎర్రమచ్చ నొప్పి పెట్టదు, చిన్న పుండు కూడా చాలాసార్లు నొప్పి పెట్టదు. సంగటి తింటారు, పనికి పోతారు, రాత్రి నిద్రపడుతుంది. నొప్పి మొదలయ్యేసరికి అది లోపలికి, కొందరికి దవడ ఎముక దాకా దిగి ఉంటుంది. చింతగింజంత ఉన్నప్పుడు పట్టుకుంటే చాలామందికి చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. మెడలో గడ్డ వచ్చాక వెళితే దవడ ముక్క, మెడ గ్రంథులు తీసెయ్యాలి, ఆపైన రేడియేషన్ పెట్టాలి. అందుకే నొప్పి కోసం ఎదురుచూడకుండా కంటితో చూడాలి. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి వెలుతురులో నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గినట్టు 2005లో ఫలితాలు వచ్చాయి. పెద్ద యంత్రాలేవీ వాడలేదు. వెలుతురు, కన్ను, వేలు, అంతే.

పరీక్షకు కావలసినవి

చేతి అద్దం, సెల్‌ఫోన్ లైటు లేదా టార్చి, స్టీలు స్పూను, శుభ్రమైన పాత చీర ముక్క, ఒక గ్లాసు నీళ్లు. ఫోన్ లైటు నేరుగా అద్దం మీద పడితే కళ్లు చెదిరి ఏమీ కనబడదు. ఇంకొకరు పక్కనుంచి నోట్లోకి లైటు వెయ్యాలి. ఎవరూ లేకపోతే పొద్దున ఎండ ముఖాన పడేలా గుమ్మంలో కూర్చోండి. ఎండలో తెలుపు, ఎరుపు తేడా ఏ లైటులోనూ కనిపించనంత బాగా కనిపిస్తుంది.

ముందు నోట్లో ఉన్నది ఉమ్మేసి, రెండుసార్లు గట్టిగా పుక్కిలించాలి. వక్కాకు ఎరుపు ఉండగా చూస్తే ఎర్రమచ్చ కనబడదు. ఖైనీ పెట్టిన అరగంట లోపల చూస్తే ఆ చోటు ముడతపడి తెల్లగా ఉంటుంది, లేని భయం పుడుతుంది. పొద్దున పళ్లు తోముకున్నాక, ఏమీ వేసుకోకముందు చూసుకోవడం అన్నిటికంటే మేలు. కట్టుడు పళ్లుంటే తీసి పక్కన పెట్టాలి. వాటి కింద దాగే పుండ్లను చాలామంది చూడనే చూడరు.

చూసే వరస

పెదాలతో మొదలుపెట్టండి. కింది పెదవిని రెండు వేళ్లతో కిందికి మడిచి లోపలి వైపు చూడాలి, పై పెదవిని పైకెత్తి చూడాలి. మూలల్లో పగుళ్లున్నాయా గమనించాలి.

తర్వాత బుగ్గలు. నోరు సగమే తెరవండి. పూర్తిగా తెరిస్తే బుగ్గ బిగుసుకుపోతుంది, స్పూను లోపలికి పోదు. స్పూను వెనక వైపును బుగ్గకు ఆనించి బయటికి లాగుతూ, చివరి దంతం వెనక దాకా చూడాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నోటి మూల దగ్గర బాగుందని వదిలేస్తారు, జబ్బు ఏమో జ్ఞానదంతం వెనక మెత్తటి చోట ఉంటుంది. ఖైనీ పెట్టే సందు కోసం పెదవిని, బుగ్గను కిందికి లాగి పంటి మొదలు కనబడేలా చెయ్యాలి. ముందు అలవాటున్న పక్క, తర్వాత రెండో పక్క. రెండు పక్కల్నీ పోల్చి చూడటం మంచి కొలత. ఒక పక్క మాత్రమే తేడాగా ఉంటే అనుమానించాలి.

చిగుళ్లు, అంటే మన ఇగుర్లు, బయటివైపు చూశాక లోపలివైపు కూడా చూడాలి. వదులైన పన్ను ఉందా, పన్ను పీకించిన గుంత మానకుండా ఉందా చూసుకోవాలి. చుట్టూ అన్ని పళ్లూ గట్టిగా ఉండి ఒక చోట ఒకటి రెండు పళ్లు మాత్రమే ఊగుతుంటే, పన్ను పీకించుకుని ఊరుకోకండి. ఎందుకు ఊగుతోందో డాక్టరును అడగండి.

నాలుకను బయటికి చాపి పైన చూడండి. ఆ తర్వాత కొసను చీర ముక్కతో పట్టుకుని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు లాగి పక్క అంచుల్ని వెనక దాకా చూడాలి. గుడ్డ లేకుండా పట్టుకుంటే జారిపోతుంది, అందుకే ఆ ముక్క. నాలుక పైన క్యాన్సర్ అరుదు, పక్క అంచుల్లో ఎక్కువ. ఆపైన నాలుక కొసను అంగిలికి ఆనించి దాని కింద, కింది పళ్ల వెనక ఉండే గుంతను చూడాలి. చివరికి తల వెనక్కి వాల్చి అంగిలి. "ఆ..." అంటే కొండనాలుక, గొంతు కనిపిస్తాయి.

కన్ను అయ్యాక వేలు. చేతులు కడుక్కుని చూపుడు వేలిని బుగ్గ లోపల, బొటన వేలిని బయట పెట్టి చపాతీ పిండి నలిపినట్టు మెల్లగా నొక్కుతూ పోవాలి. మంచి బుగ్గ మెత్తగా, సాగేలా ఉంటుంది. గట్టి ఉండ తగిలినా, తాడులా నిలువుగా బిగువు తగిలినా గుర్తు పెట్టుకోండి. పుండు ఉంటే దాని అంచును తాకండి. మామూలు నోటిపూత మెత్తగా ఉండి తాకితే చురుక్కుమంటుంది. అంచు గట్టిపడి, లేచి, తాకినా పెద్దగా నొప్పి లేకపోతే ఆ పుండునే ఎక్కువ అనుమానించాలి. చివరిగా మెడ: చెవి కింద నుంచి దవడ ఎముక వెంట గడ్డం దాకా, తర్వాత మెడ పక్కన కిందికి. అంతా కలిపి ఐదు నిమిషాల పని.

ఆశా కార్యకర్త గాని, ఏఎన్ఎం గాని వేరేవాళ్ల నోరు చూసేటప్పుడు ఒక్కొక్కరికి కొత్త గ్లవ్స్, కొత్త చెక్కపుల్ల వాడాలి. పెద్ద వయసు ఆడవాళ్లను నలుగురి ముందు నోరు తెరవమంటే తెరవరు. ఇంటి లోపల, ఆడమనిషే చూడాలి. "పొగాకు వాడతావా?" అని అడిగితే చాలామంది అవ్వలు లేదనే అంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో వక్కాకులో నలిపే ముక్క పొగాకు కాదు. పళ్లు తోమే పొగాకు పొడి కూడా కాదు. "అవ్వా, వక్కాకు ఏ పక్కన పెట్టుకుంటావు? అందులో కాడ వేస్తావా, ఒట్టి వక్కేనా?" అని అడగండి (కాడ అంటే పొగాకు కాడే). చెయ్యి దానంతటదే ఆ బుగ్గ మీదికి పోతుంది.

ఏది మామూలు, ఏది కాదు

నోరు మొదటిసారి శ్రద్ధగా చూసుకున్నవాళ్లు అన్నిటికీ భయపడతారు. బుగ్గ లోపల పళ్లు కలిసే ఎత్తులో సన్నటి తెల్లగీత మామూలే. ఆవగింజల కంటే చిన్నగా పసుపు చుక్కలు గుంపుగా ఉండటం మామూలే. పై దవడ పంటి ఎదురుగా బుగ్గ మీద చిన్న బొడిపె లాలాజల గొట్టం నోరు. నాలుక వెనక వరసగా గుండ్రటి బుడిపెలు అందరికీ ఉంటాయి. అంగిలి నడిమధ్యలో రాయిలాంటి గట్టి ఎముక గుబ్బ కొందరికి మామూలుగానే ఉంటుంది.

తెల్లటిది కనిపిస్తే గుడ్డతో మెల్లగా తుడవండి. పాలమీగడలా ఊడివస్తే చాలావరకు ఫంగస్, దానికీ మందు వాడాలి. ఊడిరాకుండా గోడకు పూసిన సున్నంలా అంటుకుని ఉంటే అది క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చ కావచ్చు. మఖమల్ గుడ్డలా ఎర్రగా, నున్నగా, అంచు తెలిసేలా ఉన్న మచ్చ తెల్లదానికంటే ప్రమాదం. తెలుపు, ఎరుపు కలిసి మచ్చలు మచ్చలుగా ఉంటే అదీ అంతే. ఎర్రమచ్చను "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోవడం మన ఇళ్లలో జరిగే అతి పెద్ద పొరపాటు.

నోటి లోపల ఏమీ కనిపించకపోయినా కొన్ని గుర్తులుంటాయి. ఒక పక్క చెవిలో మాత్రమే పోటు, మింగితే ఒకే చోట గుచ్చుకోవడం, కింది పెదవి తిమ్మిరి, గొంతు మారి మూడు వారాలైనా సర్దుకోకపోవడం, ఇన్నాళ్లూ సరిపోయిన కట్టుడు పళ్ల సెట్టు ఉన్నట్టుండి పట్టకపోవడం, మెడలో గట్టి గడ్డ. వీటిలో ఏదున్నా అద్దం ముందు కూర్చుని కాలం గడపకండి.

మూడు వేళ్లు, ఒట్టి వక్క

చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లను ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి, పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య పెట్టి చూడండి. ఎవరి నోటికి వాళ్ల వేళ్లే కొలత. మూడు వేళ్లు పట్టాలి. రెండే పడితే నోరు బిగుసుకోవడం మొదలైనట్టు. ఒకటే పడితే చాలా దూరం పోయినట్టు. మార్పు తెలియాలంటే పాత పెళ్లి పత్రిక అట్టను మీ నోరు తెరుచుకున్నంత ఎత్తుకు కత్తిరించి, వెనక తేదీ రాసి దాచండి. వచ్చే నెల అదే ముక్కను నిలువుగా పెట్టి చూడండి. ముక్క పట్టకపోతే నోరు తగ్గిందని వేరే రుజువు అక్కర్లేదు.

దీనికంటే ముందే నోరు ఒక కబురు పంపుతుంది. ఊరుబిండి (రోటి పచ్చడి) మంట పుట్టిస్తుంది. ఎప్పుడూ తినే కారమే నోట్లో నిప్పులా తగిలి, సంగటిని వట్టి మజ్జిగతో తినే రోజు వస్తుంది. తర్వాత బుగ్గ పాలిపోయి చలువరాయిలా కనిపిస్తుంది, బూర ఊదలేరు, నాలుక పూర్తిగా బయటికి రాదు. ఇది వక్క చేసే పని. వక్కలోని అరెకొలిన్ అనే పదార్థం బుగ్గ పొర కింద నారను అతిగా పేరుకునేలా చేస్తుంది, ఆ నార బిగిసి నోరు మూసుకుపోతుంది. పొగాకు లేకపోయినా ఇది వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం పొగాకు లేని తాంబూలాన్నీ, ఒట్టి వక్కనూ కూడా మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవిగా 2004లోనే తేల్చింది.

కాబట్టి ఖైనీ మానేసి తియ్యటి వక్కపొడి పొట్లాలకు మారడం మానినట్టు కాదు. ఈ విషయం బడి పిల్లల తల్లులకు ముఖ్యంగా తెలియాలి. పాన్‌మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం విడివిడిగా అమ్మి కొనేవాడి చేత కలిపించే దుకాణాల్లో పిల్లలకు దొరికేది మొదట ఆ తియ్యటి పొట్లమే. బిగుసుకున్న నోరు పూర్తిగా మునుపటిలా రావడం కష్టం. వక్క ఆపి, నోరు తెరిచే వ్యాయామం చేస్తూ, డాక్టరు ఇచ్చే మందులు, ఇంజెక్షన్లు తీసుకుంటే బిగువు ముదరకుండా ఆపవచ్చు. ఆ నోటిని మాత్రం జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి.

రెండు వారాల లెక్క

పుండు గాని మచ్చ గాని కనిపించిన రోజు క్యాలెండర్ మీద సున్నా చుట్టండి. పద్నాలుగో రోజుకు పూర్తిగా మానకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. మానుతున్నట్టుంది, కొంచెం తగ్గింది లాంటి మాటలకు ఇందులో చోటు లేదు. ఆ రెండు వారాలూ పొగాకు, వక్క, బీడీ పూర్తిగా ఆపాలి. లేకపోతే ఏది దేనివల్లో తేలదు. పదునైన పన్ను గీసుకుని పుండైతే ఆ పన్నును అరగదీయించాలి. అప్పటి నుంచి మళ్లీ రెండు వారాలు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఆగొద్దు. మెడలో గడ్డ, నోట్లోంచి రక్తం, ఎర్రమచ్చ ఉంటే ఈ లెక్కే వద్దు, ఆ వారమే చూపించండి.

కాలం ఎక్కడ పోతుందో చూస్తే ఎప్పుడూ అవే చోట్లు. మందుల షాపులో బి-కాంప్లెక్స్ ఒక నెల. పూత మందు ఒక నెల. పటిక నీళ్లు, నాటుమందు ఒక నెల. వరి కోతలు, కూతురి కాన్పు, జాతర అయిపోనీ అని ఇంకో నెల. నాలుగు నెలల్లో చింతగింజ నిమ్మకాయ అవుతుంది.

ఎక్కడికి పోవాలి

30 ఏళ్లు దాటినవాళ్లకు నోటి పరీక్ష జాతీయ కార్యక్రమంలో భాగం. ఐదేళ్లకోసారి ఉచితంగా చేస్తారు. ఆశా కార్యకర్త నింపే ఫారంలో నోరు తెరవడం కష్టంగా ఉందా, రెండు వారాలుగా మానని పుండుందా, గొంతు మారిందా అనే ప్రశ్నలుంటాయి. వాటికి నిజం చెప్పండి. పొగాకు అలవాటున్నవాళ్లు ఐదేళ్లు ఆగకుండా ఏడాదికోసారి పళ్ల డాక్టరుకు చూపించుకోవడం మంచిది. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి వాళ్ల పింక్ బస్సు (క్యాన్సర్ పరీక్షల బండి) పల్లెలకు వచ్చినప్పుడు అందులోనూ నోరు చూస్తారు.

అనుమానం ఉంటే ఊరి హెల్త్ క్లినిక్ నుంచి పీహెచ్‌సీకి, అక్కడి నుంచి రాయించుకుని, చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లైతే చిత్తూరు జిల్లా ఆస్పత్రికో తిరుపతికో పోవాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రులు అలిపిరి దారిలో పక్కపక్కనే ఉంటాయి. టాటా ట్రస్టుల సాయంతో కట్టిన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి 2022 మేలో మొదలైంది, జనం దాన్ని టాటా ఆస్పత్రి అనే పిలుస్తారు. ఆధార్, రేషన్ కార్డు, ఇంతకుముందు వాడిన మందుల చీటీలు, మచ్చ ఫొటోలు తీసుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కౌంటర్‌లో చేరికకు ముందే అడగండి. వివరాలకు 104కు ఫోన్ చెయ్యవచ్చు.

అక్కడ ముక్క పరీక్ష చెయ్యాలంటారు. "ముక్క తీస్తే పాకుతుంది" అని ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, సగం మంది ఆ మాటకే తిరిగొచ్చేస్తారు. ముక్క తియ్యడం వల్ల జబ్బు పాకదు. పన్ను పీకేటప్పుడు ఇచ్చేలాంటి మత్తు సూది వేసి, పుండు అంచు నుంచి కందిపప్పంత ముక్క తీస్తారు. ఆ రోజే ఇంటికి రావచ్చు. ఆ రోజుకు చల్లటి మెత్తటి తిండి చాలు. ఏ మందు వాడాలన్నా ముందు ఆ రిపోర్టు ఉండాలి. బాగా లేదనిపిస్తున్నా రిపోర్టు మామూలుగా వస్తే, మచ్చ పోయేదాకా మళ్లీ మళ్లీ చూపించాలి.

మానడం

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లలో చాలామంది 41 రోజులు బీడీ, పొగాకు ముట్టరు. కొండమీదికి పొగాకు పోనివ్వరు కాబట్టి తిరుమలలో ఉన్నన్నాళ్లూ లేకుండానే గడుస్తుంది. అంటే చెయ్యగలరు. మానిన రెండు మూడు రోజులే అన్నిటికంటే గడ్డు: చిరాకు, తలనొప్పి, నిద్రపట్టకపోవడం, మలబద్ధకం. మూడు నాలుగు వారాల్లో అవి తగ్గిపోతాయి. 41 రోజులు పూర్తయ్యేసరికి ఒంటి బాధ చాలావరకు దాటిపోయి ఉంటుంది. మళ్లీ పడేది మాల తీసిన సాయంత్రం, స్నేహితుల మధ్య. ఆ సాయంత్రం ఎవరితో ఎక్కడ ఉండాలో ముందే అనుకోండి.

ఒక తేదీ పెట్టుకుని ముందు రోజు రాత్రి సంచీ, సున్నం డబ్బీ, వక్కల కత్తెర ఇంట్లోంచి తీసెయ్యండి. తహతహ పుట్టినప్పుడు కొద్ది నిమిషాలు గడిస్తే అది దిగిపోతుంది. నీళ్లు తాగండి, లవంగమో యాలక్కాయో సోంపో వేసుకోండి, వక్కపొడి మాత్రం వద్దు. లేచిన అరగంటలోపే పొగాకు కావాలనిపించేవాళ్లకు అలవాటు గట్టిగా పట్టినట్టు. వాళ్లు నికోటిన్ గమ్ గురించి డాక్టరును అడగాలి. గమ్‌ను బబుల్‌గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. నాలుగైదుసార్లు నమిలి, చురుక్కుమనగానే బుగ్గ పక్కన ఆపాలి, అది తగ్గాక మళ్లీ నమలాలి. అరగంటకు పారెయ్యాలి. గమ్‌కు పావుగంట ముందు కాఫీ, టీ తాగితే మందు ఎక్కదు. నోరు బిగుసుకున్నవాళ్లు నమలలేరు, వాళ్లకు చర్మం మీద అంటించే ప్యాచ్ ఉంటుంది. 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు పడదు, తెలుగులో మాట్లాడి మానడానికి సాయం చేస్తారు.

మానిన తర్వాత కూడా నెలకోసారి చూసుకోవడం ఆపొద్దు. ముప్పు ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతుంది గాని ఆ నెలలోనే పోదు. ప్రతి నెలా ఒకే తేదీ పెట్టుకోండి, పింఛను ఇచ్చే ఒకటో తారీఖైతే మరిచిపోరు. చూసిన ప్రతిసారీ క్యాలెండర్ వెనక రెండు ముక్కలు రాయండి: ఎన్ని వేళ్లు పట్టాయి, ఏ పక్కన ఏముంది. మచ్చ ఉంటే పక్కన ఒక అగ్గిపుల్ల పెట్టి ఫొటో తీయండి, ఎంత పెరిగిందో డాక్టరుకు ఆ పుల్లను బట్టి తెలుస్తుంది.